కనిపించని అమ్మవారికి రెండుపూటలా ఆరగింపు

ఇసేలో దర్శనం ఉండదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఏ గుడికి వెళ్లినా దర్శనానికే వెళతారు. జపాన్‌లో షింతో మతస్థులు అన్నిటికంటే గొప్పదిగా భావించే క్షేత్రం అది. అక్కడి లోపలి గుడి నైకూలో సూర్యదేవత అమతెరసు కొలువై ఉంది. చక్రవర్తుల వంశానికి ఆమే మూలపుటమ్మ అని వాళ్ల నమ్మకం. ఇసుజు నది మీద నూరు మీటర్ల పొడవున్న ఉజి చెక్కవంతెన దాటి, ఆకాశాన్నంటే సుగి చెట్ల నీడలో, గులకరాళ్ల బాట మీద చాలాసేపు నడవాలి. దారిలో నదికి దిగి చేతులు కడుక్కోవచ్చు. చివర రాతిమెట్లెక్కి పైకి చేరితే ఎదురుగా తెల్లటి గుడ్డతెర వేలాడుతూ ఉంటుంది. దాని వెనక ఒకదాని లోపల ఒకటిగా నాలుగు చెక్క ప్రాకారాలు. తలెత్తి చూస్తే గడ్డికప్పు కొస, దాని మీద అడ్డంగా పేర్చిన దుంగల మెరిసే చివరలు మాత్రం కనిపిస్తాయి. అక్కడ ఫోటోలు తీయకూడదు. రెండుసార్లు నడుం వంచి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగి, వెనక ఉన్నవాళ్లకు చోటిచ్చి తప్పుకోవాలి.

గాలికి ఆ తెర లేస్తే అమ్మవారు పలకరించినట్టని అక్కడికి వచ్చేవాళ్లు సంబరపడతారు. నేను నిలబడినప్పుడూ కొద్దిగా లేచింది. తెర వెనక మరో గుమ్మం, దాని వెనక మరో గుమ్మం కనిపించాయి.

గర్భగుడిలో ఉన్నది ఒక అద్దం. యాత నో కగామి అంటారు. అలిగి రాతిగుహలో దాక్కున్న అమతెరసును బయటికి రప్పించడానికి దేవతలంతా కలిసి కోళ్లను కూయించి, ఒక దేవత చేత నాట్యమాడించి, చెట్టుకు వేలాడదీసిన అద్దం ఇదేనని చెబుతారు. ఆ కోళ్ల వంశాన్ని గుర్తుచేస్తూ ఇప్పటికీ గుడి ఆవరణలో కోళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. అద్దాన్ని మాత్రం ఎవరూ చూడరు. చక్రవర్తి కూడా చూడడు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే ఆ కొన్ని నిమిషాల కోసం తెల్లవారకముందే వెళ్లి నిలబడే మనకు, సూర్యుడినే మరుగున ఉంచి కొలిచే పద్ధతి కొత్తగా ఉంటుంది. అలాగని మనకు బొత్తిగా తెలియనిదీ కాదు. సింహాచలంలో అప్పన్న ఏడాది పొడుగునా చందనం మాటునే ఉంటాడు, నిజరూపం చూపేది అక్షయతృతీయ నాడే. ఇసేలో ఆ ఒక్కరోజు కూడా లేదు. మరి ఇన్ని లక్షల మంది ఏ ఆధారంతో మొక్కుతున్నారు? నాకు దొరికిన జవాబు నైకూలో లేదు. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న వెలుపలి గుడి గేకూలో ఉంది.

సంప్రదాయం ప్రకారం ముందు గేకూకే వెళ్లాలి. తొందరలో ఉన్న యాత్రికులు దాన్ని వదిలేసి నేరుగా నైకూకు పోతారు. అది చాలా పెద్ద లోటు. గేకూలో ఉన్నది అన్నం పెట్టే దేవత, తోయోఉకే. 804లో రాసిన అక్కడి ఆలయ పత్రం చెప్పే కథ ఇది: చక్రవర్తి యూర్యకు కలలో అమతెరసు కనిపించి, ఒక్కదాన్నే ఉంటే నెమ్మదిగా అన్నం కూడా తినలేకపోతున్నాను, తంబ సీమలో ఉన్న తోయోఉకేను నా దగ్గరికి రప్పించమని అడిగిందట. లోకానికి వెలుగిచ్చే దేవత అడిగింది సింహాసనమో, బంగారమో కాదు, కలిసి భోంచేయడానికి ఒక తోడు. ప్రపంచంలోని దేవతల కథల్లో ఇంత మనసుకు దగ్గరగా వచ్చే కోరిక నాకు మరొకటి తెలియదు.

అప్పటినుంచి పదిహేను వందల ఏళ్లుగా, వానొచ్చినా మంచు పడినా రోజుకు రెండుపూటలా గేకూలో ఆరగింపు ఆగలేదని అక్కడివాళ్లు చెబుతారు. ఎండాకాలంలో ఉదయం 8 గంటలకు, సాయంత్రం 4కు. చలికాలంలో 9కి, 3కు. ముందురోజు రాత్రే అర్చకులు గుడిలోని ప్రత్యేకమైన ఇంట్లో బసచేసి, స్నానం చేసి మడి కట్టుకుంటారు. వంటశాలలో నిప్పు అగ్గిపెట్టెతో పుట్టదు. కర్రతో కర్రను రాపిడిచేసి, అరణి మథించి రాజేస్తారు. నీళ్లు గుడి ఆవరణలోనే ఉన్న బావి నుంచి రావాలి. అన్నం, నీళ్లు, ఉప్పు, చేప, సముద్రపు నాచు, కూరగాయలు, పండ్లు, సాకే మద్యం. ఇవే పదార్థాలు. తెల్లటి దుస్తుల్లో అర్చకులు ఆ పదార్థాలను చెక్కపెట్టెలో పెట్టి భుజాల మీద మోసుకుంటూ, గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు తప్ప మరే సందడీ లేకుండా, గుడి వెనకవైపున్న భోజనశాలకు పోతారు. ఆ శాలలోనే రెండు గుళ్ల దేవతలకూ, మిగతా చిన్న దేవతలకూ వడ్డన జరుగుతుంది. ఇంతమంది దేవతలకు కలిపి ఒక భోజనశాల ఉండడం నాకు ఎంతో నచ్చింది.

వడ్డించేవి ఎక్కడినుంచి వస్తాయో తెలుసుకున్నకొద్దీ గుడి నాకు ఇంకా పెద్దదైపోయింది. బియ్యం గుడి సొంత మడుల్లో పండుతుంది. ఇసుజు నది నీళ్లే పారతాయి. ఉప్పు కోసం ఫుతమి తీరాన, నదీ సముద్రం కలిసేచోట, ఎండాకాలంలో ఉప్పుమడుల్లోకి నీళ్లు పెట్టి, ఆ చిక్కటి నీటిని ఇనుప బానలో మరగబెట్టి, చివరకు మూడుమూలల మట్టి అచ్చులో కాల్చి గట్టిపరుస్తారు. కుజకి అనే బెస్త పల్లె ఎండబెట్టిన అబలోన్ నత్తలను పంపుతుంది. ఆ తీరమంతా ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకి వాటిని ఏరే ఆడవాళ్లకు పేరుపడ్డది. వడ్డించే మూకుళ్లు నునుపు పూత లేని మట్టివి. మెయివ అనే ఊళ్లో తయారవుతాయి. ఒకసారి వాడాక పగలగొట్టి మట్టిలో కలిపేస్తారు.

అంటే కనిపించని ఒక్క దేవత చుట్టూ ఒక ఊరి ఉప్పు, ఒక పల్లె వేట, ఒక పొలం, ఒక సారె, ఒక బావి ఎడతెగకుండా పనిచేస్తున్నాయి. మనం చూడగలిగింది ఆ పనినే. సింహాసనం మీద ఎవరున్నారని అడగడం కంటే, వాళ్ల కోసం పొద్దున్నే లేచి కర్రలు రాపిడిచేస్తున్నది ఎవరని అడగడం మంచిదని గేకూలో నాకు అనిపించింది.

అన్నం రోజుకు రెండుసార్లయితే, ఇల్లు 20 ఏళ్లకొకసారి. ఇసే గురించి ఏమీ తెలియనివాళ్లకు కూడా ఇది తెలుసు. 690లో జితో చక్రవర్తిని కాలంలో మొదలైన ఆచారం. గుడి పక్కనే సరిగ్గా అంతే ఖాళీస్థలం ఉంటుంది. అందులో పాతదాని కొలతలతోనే కొత్త గుడి కడతారు. దాదాపు 10 వేల హినోకి చెట్లు కావాలి. స్తంభాల కింద రాతి పునాది ఉండదు, నేరుగా భూమిలో పాతుతారు. గుడితోపాటు దేవత వాడుకునే బట్టలు, కత్తులు, విల్లులు, మగ్గం పనిముట్లు, గుర్రపు జీను, అన్నీ కొత్తవి: 714 రకాలు, మొత్తం 1576 వస్తువులు. చూడబోయే మనిషి లేకపోయినా, నేసేవాడూ కమ్మరీ తమ చేతనైనంతా అందులో పెడతారు. 2013 అక్టోబరులో 62వసారి అమ్మవారు కొత్తింటికి మారింది. రాత్రి 8 గంటలకు దీపాలు ఆర్పేసి, అర్చకుడు కోడిలా మూడుసార్లు కూశాక, తెల్లటి పట్టుతెరల మాటున ఆమెను నడిపించుకుంటూ తీసుకెళ్లారు. ఊరేగింపులోనూ ఆమె కనిపించలేదు.

ఇదంతా వెయ్యిమూడొందల ఏళ్లుగా ఎక్కడా తెగకుండా సాగిందని కొందరు రాస్తారు. అది నిజం కాదు, నిజం అంతకంటే గొప్పది. పదిహేనో శతాబ్దంలో దేశం యుద్ధాలపాలై, డబ్బులేక నూటఇరవై ఏళ్లకు పైగా గుడి మార్పిడి జరగలేదు. ఆ దుస్థితి నుంచి లేవదీసింది బౌద్ధ సన్యాసినులు. కెయికోఇన్ మఠానికి చెందిన సెయిజున్, ఆమె తర్వాత షూయో, ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1563లో గేకూ, 1585లో రెండు గుళ్లూ మళ్లీ లేచాయి. గుండు చేయించుకున్న బౌద్ధులను దూరంగా ఉంచిన గుడి అది. ఆ గుడికే ఆ సన్యాసినులు ఇల్లు కట్టించారు. నన్నడిగితే ఇసే చరిత్రలో చక్రవర్తుల పేర్లకంటే ముందు చెప్పుకోవలసిన పేర్లు ఈ ఇద్దరివి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా ఇలాగే 1949లో జరగవలసింది ఆగి, ప్రజల చందాలతో 1953లో పూర్తయింది.

మామూలు జనానికి ఇసేతో ఉన్న సంబంధం తమాషాగా పెరిగింది. చక్రవర్తి తప్ప మరెవరూ సొంతంగా కానుకలు పెట్టకూడదని పాతకాలంలో కట్టడి. ఆ గుడే ఎదో అని పిలిచే యుగానికి వచ్చేసరికి ప్రతి రైతూ బతికుండగా ఒక్కసారైనా వెళ్లాలనుకునే చోటైంది. అంత దూరం నడవడానికి ఖర్చు మోయలేక, మనం చీటీలు కట్టినట్టే ఊరివాళ్లంతా తలాకొంత వేసి, పేరు తగిలినవాళ్లను ఊరందరి తరఫునా పంపేవాళ్లు. 1830లో ఒక్కసారిగా కదిలిన జనం 40 లక్షలకు పైనే. యజమానికి చెప్పకుండా పనివాళ్లు, తల్లిదండ్రులకు చెప్పకుండా పిల్లలు చేతిలో ఒక గరిటె పట్టుకుని బయల్దేరేవాళ్లు. ఆ గరిటెను చూసి దారిపొడుగునా జనం అన్నం పెట్టేవాళ్లు. రాలేని ముసలివాళ్లు మెడలో డబ్బుసంచీ కట్టి తమ కుక్కను పంపారు. దారిలో ఒకరి తర్వాత ఒకరు దానికి తిండిపెట్టి ముందుకు సాగనంపారు. ఆ కాలపు రంగు అచ్చుబొమ్మల్లో ఆ కుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి.

తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం ఈ యాత్రికులకు బస ఇచ్చి, తాయెత్తులు పంచి బతికిన ఓషి అర్చకుల వ్యవస్థను 1871లో రద్దుచేసి, గుడిని రాజ్య వ్యవహారంగా మార్చింది. అలా మార్చిన భక్తినే యుద్ధానికి ఇంధనంగా వాడుకుంది. ఇసే గురించి రాసేటప్పుడు ఆ అధ్యాయాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. 1945 చివర్లో ప్రభుత్వానికీ గుడికీ బంధం తెంచారు. ఇప్పుడు అది జనం కానుకలతో నడిచే క్షేత్రం.

ముఖ్య మందిరం ముందు ఈనాటికీ హుండీ లాంటి పెట్టె లేదు. వచ్చినవాళ్లు వేసే నాణేలు పడడానికి తెల్లగుడ్డ పరిచి ఉంటుంది. అక్కడ సొంత కోరికలు కోరకుండా, ఇంతవరకు గడిచిందని చెప్పుకుని రావడం మర్యాద. కోరికలుంటే వెనకనున్న అరమత్సురి గుడి దగ్గర అడుగుతారు. కోరికల చిట్టాతోనే గుడికి వెళ్లే అలవాటున్న నాకు, ఏమీ అడగకుండా చేతులు జోడించడం కొత్త. మా అమ్మ పోయాక నేను ఏ గుడిలోనూ అడగకుండా నిలబడింది లేదు. అక్కడ నిలబడ్డాను. చెప్పాలనుకున్నది చెప్పాను.

వచ్చే మార్పిడి 2033లో. దానికి సంబంధించిన తొలి పూజలు 2025లోనే మొదలయ్యాయి, కిసో కొండల్లో తొలి చెట్లు నరికారు. 1923లో వేసిన ప్రణాళిక ప్రకారం గుడి వెనకున్న సొంత అడవిలో హినోకి మొక్కలు నాటుతున్నారు. రెండు వందల ఏళ్లు పెంచి కలపంతా ఆ అడవి నుంచే తీసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. 2013లో నాలుగోవంతు దాకా అక్కడినుంచే దొరికింది. మంచి చెట్ల మొదళ్లకు తెల్లరంగు పట్టీలు వేసి గుర్తుపెట్టుకున్నారు. దించేసిన పాత గుడి కలపా వృథా కాదు: కొప్పు మోసిన స్తంభాలు ఉజి వంతెన రెండు కొసలా తోరీ ద్వారాలవుతాయి. అక్కడ మరో 20 ఏళ్లు నిలిచాక సెకి, కువన ఊళ్లలో మళ్లీ తోరీలవుతాయి. మిగతాదాంట్లో కొంత భూకంపాలకూ సునామీకీ కూలిన గుళ్లకు వెళుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లు నగోయా నుంచి కింతెత్సు రైలెక్కితే గంటన్నరలోపే ఇసే చేరతారు. ముందురోజు రాత్రి అక్కడే ఉండి, స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడకలో ఉన్న గేకూకు ఉదయం ఆరగింపు వేళకు చేరండి. పెట్టె మోసుకుపోయే అర్చకులు ఎదురైతే పక్కకు తప్పుకుని తల వంచండి. నైకూకు బస్సు ఆ తర్వాత ఎక్కవచ్చు.