పేరు పెట్టి పిలిచినపుడు

ఈస్టరునకు ముందు, మావారి మిషను బడిలో చిన్నపిల్లలకు యేసు పునరుత్థానకథ చెప్పు పని నాపై బడెను. క్రైస్తవురాలను గాని నేను, సావిత్రి సత్యవంతుని బ్రదికించుకొన్నట్లే యంటిని. "మరి మా అమ్మ మూడోనాడు లేవలేదేమండీ?" అని యొక పిల్ల యడిగెను. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి యోహాను సువార్త చదివితిని. సోదరీమణులారా, నా పోలికయే తప్పు. సత్యవంతుడును, లాజరును బ్రదికియు మరల చావవలసినవారే. క్రీస్తు లేచుట మరల మరణము లేని లేచుటయని క్రైస్తవుల విశ్వాసము. తమవారును అంత్యదినమున అట్లే లేతురని వారి నిరీక్షణ.

మఱునాడు ఆ పిల్లను దగ్గఱకు దీసికొని, "అమ్మ ఇప్పుడు రాదు, తల్లీ" అని ముందుగా చెప్పితిని. ముందునాడు నేను దాటవేసిన మాట అదియే. పిమ్మట అంత్యదినపు మాట చెప్పగా, "అప్పుడు నన్ను గుర్తు పడుతుందా?" అనెను. మగ్దలేనే మరియ, లేచిన యేసును తోటమాలి యనుకొని, ఆయన పేరు పెట్టి పిలువగానే గుర్తించిన ఘట్టము చదివి వినిపించితిని.

"మా అమ్మ నన్ను చిట్టీ అనేది" అనెను.