నఖనికృంతనం – ఒక కత్తుల పెట్టె

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువుకు, ఒక్కదానిని తెలుసుకొనుటచేత సమస్తమూ తెలియబడుట ఎట్లో మూడు దృష్టాంతాలతో బోధించాడు. 12వ ఏట గురుకులానికి వెళ్లి, 24వ ఏట వేదాధ్యయనం ముగించి, దానితోపాటు కొంత గర్వాన్ని కూడా మూటగట్టుకొని ఇంటికి వచ్చిన కుమారుడతడు. మృత్పిండం, సువర్ణపిండం అనే మొదటి రెండు దృష్టాంతాలు ప్రవచనాలలో విరివిగా వినబడతాయి. మూడవది నఖనికృంతనం, అనగా గోళ్లు తీసుకొనే చిన్న ఇనుపకత్తి. దానిని వక్తలు సాధారణంగా ఒక్క వాక్యంలో దాటివేస్తారు. మట్టికి కుండ ఉన్నది, బంగారానికి ఆభరణమున్నది, గోరుకత్తిలో వర్ణించుటకేమున్నదని కాబోలు. శంకరభగవత్పాదులు ఆ పదాన్ని ఇనుపముద్దకు ఉపలక్షణంగా గ్రహించారు. చిత్రమేమనగా అదే అధ్యాయం చివర మళ్లీ ఇనుమే వస్తుంది. దొంగతనం మోపబడినవాడు కాల్చిన గొడ్డలిని పట్టుకొంటాడు, సత్యవంతుని చేయి కాలదు. చిన్న కత్తితో ఆరంభమై గొడ్డలితో ముగిసే బ్రహ్మవిద్య అది.

ఈ మూడవ దృష్టాంతాన్ని పుస్తకంలో కాక బీరువాలో చదివిన గృహస్థు ఒకరు అశోక్ నగర్‌లో ఉన్నారు. ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు చూసి పదవీ విరమణ చేసిన వారు. వయస్సు 70 దాటినది. ప్రాతఃకాలంలో చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనం, పిమ్మట నగర కేంద్ర గ్రంథాలయంలో వార్తాపత్రికలు, సాయంకాలం ఇందిరా పార్కులో నడక. ఇంతవరకు ఆ ప్రాంతంలోని ఏ విశ్రాంత ఉద్యోగికైనా ఇదే దినచర్య. అయితే గురువారం మాత్రం ఆయన దినచర్య మారుతుంది. ఆనాడు పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు వెళ్లి, నేలమీద పరచిన పాత సామానుల మధ్య పాత కత్తుల కోసం వెదకుతారు. మడతపెట్టే చాకులు ఆయనకు పట్టవు. అలుగు, పిడి ఒకదానికొకటి స్థిరంగా బిగిసి ఉన్నవే కావాలి. మెట్రో రైలులో పదునైన వస్తువులను అనుమతించరు గనుక, వెళ్లునప్పుడు చిక్కడపల్లి స్టేషనులో రైలెక్కి, వచ్చునప్పుడు ఆటోలో వస్తారు. ఆటో ఛార్జీని కత్తి ధరలో కలిపి లెక్క వ్రాసుకొనే అలవాటు కూడా ఆయనకున్నది.

ఈ వ్యసనానికి మూలం ఆయన మాతృమూర్తి కత్తిపీట. పల్లె నుండి నగరానికి వచ్చినప్పుడు ఆమె తెచ్చుకొన్న వస్తువులలో అదొకటి. కొడవలివలె వంగిన అలుగు, అరిగి నునుపెక్కిన పీట. ఆమె కాలం చేసిన తరువాత మిక్సీలు, స్టీలు చాకులు వచ్చినవి, కత్తిపీట అటకెక్కినది. ఒకనాడు దానిని దింపి తుప్పు తుడిచినప్పుడు, అలుగు మధ్యభాగం మిగతా భాగం కంటె లోపలికి అరిగి ఉండుట ఆయన గమనించారు. సుమారు 50 సంవత్సరాలు ఒకే చేయి ఒకే చోట కూర తరిగినందున ఏర్పడిన అరుగుదల అది. తల్లి ఛాయాచిత్రంలో కనబడనిది ఏదో ఆ వంపులో కనబడినదని ఆయన అంటారు.

అక్కడినుండి ఒక్కొక్కటే చేరినవి. గీతకార్మికుల పలుచని కత్తి. హద్రమౌత్ నుండి వచ్చి నిజాము సైన్యంలో చేరిన అరబ్బుల వంశీయులు, బార్కస్ ప్రాంతంలో చావూషులుగా పిలువబడేవారు, నడుమున ధరించిన వంకర జంబియా. కవచపు గొలుసుల సందులలోనికి దూరునట్లు వెన్ను మందంగా, మొన సన్నంగా చేసిన పేష్‌కబ్జ్. రెండు వంపులు తిరిగిన ఖంజర్. అన్నీ కలిపి 23. ఆయన న్యాయభీరువు. ఆయుధ నియమావళిలోని 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే కొలతలను కంఠస్థం చేసి, సంతలో టేపు పెట్టి కొలిచి, అంతకు మించినదానిని ఎంత అందమైనదైనా అక్కడనే విడిచివచ్చేవారు.

ఈ కత్తులలో కొన్నింటి ఇనుము సామాన్యమైనది కాదు. అది ఉక్కు. ఆ తెలుగు, కన్నడ పదమే పాశ్చాత్యుల నోట 'వూట్జ్' అయినదని పండితులు చెబుతారు. 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు లండనులో దానిమీద పరిశోధనపత్రం సమర్పించాడు. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో దానిని విశ్లేషించాడు. ఆ ఉక్కు జన్మస్థానాలలో ప్రసిద్ధమైనది మన నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. మట్టి మూసలో ఇనుమును, కర్రబొగ్గు వంటి కర్బన పదార్థాన్ని ఉంచి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో రేయింబవళ్లు కాచి, తొందరపడక మెల్లగా చల్లార్చేవారు. ఆ ముద్దలను కొనుటకు పారశీక వర్తకులు స్వయంగా ఆ పల్లెకు వచ్చేవారని, 19వ శతాబ్దారంభంలో ఆ ప్రాంతాన్ని చూచిన హెన్రీ వాయిసీ వ్రాశాడు. ఆ ఉక్కుతో చేసిన అలుగుమీద నీటిమీది అలలవంటి గీతలు తేలుతాయి. అవి పైన చెక్కినవి కావు. సుమారు 1.5 శాతం కర్బనం గల ఆ లోహంలో, చల్లారే వేళ, ఇనుము, కర్బనం కలిసిన కఠినకణాలు పొరలు పొరలుగా పేరుకొనుటవలన కలిగినవి. అయితే వాటిని కంటికి తెచ్చుటకు అన్నభేది వంటి లవణద్రవం పూయాలి. పూయనంతవరకు అలుగు మామూలు ఇనుమువలెనే ఉంటుంది.

ఈ విషయం తెలియకముందే ఆయన ఒక అపచారం చేశారు. సంతలో కొన్న ఒక బాకు నల్లబడి, అక్కడక్కడ తుప్పు పట్టి ఉన్నది. పిడికి దగ్గరగా అలుగుమీద బంగారు తీగతో పొదిగిన పారసీ అక్షరాలు ఒక వరుస. బహుశః యజమాని పేరు, లేదా చేసినవాని పేరు. ఎవరిచేతనైనా చదివించాలని అనుకొంటూనే, ముందు శుభ్రం చేయించాలనే ఆతురతతో నారాయణగూడలో సానపట్టే ఒకనికి ఇచ్చారు. మరునాటికి అది అద్దంవలె మెరుస్తూ వచ్చినది. అలలు లేవు, అక్షరాలూ లేవు. సానరాయి రెండింటినీ తినివేసినది. పనివాని దోషమేమీ లేదు, మెరిపించమన్నారు, మెరిపించాడు. కూలి ఇచ్చి ఇంటికి వచ్చి, ఆనాడు ఆయన భోజనం చేయలేదు. "ఏమండీ, ఒక కత్తి కోసం ఉపవాసమా?" అని భార్య అడిగినది. ఆమెకు ఆ పెట్టె మొదటినుండి ఇష్టం లేదు. "రక్తం చూచిన ఇనుము ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదండీ" అని ఎన్నోమారులు చెప్పియున్నది.

తరువాత ఆయన తరచుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లసాగారు. 1951లో దివాన్ దేవిడీలో ఆరంభమై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారిన ఆ సంగ్రహాలయంలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకొన్న కత్తి ప్రదర్శనలో ఉన్నవి. సందర్శకులు రాజుగారి బాకు ముందు నిలుస్తారు. ఈయన మాత్రం పండ్లకత్తి ముందు నిలిచేవారు. సామ్రాజ్ఞికైనా ఒక మామిడిపండు, ఒక కత్తి కావలసివచ్చినవి గదా అని.

ఆ బాకు విషయం గ్రంథాలయంలో బయటపడినది. అశోక్ నగర్ వీథులన్నీ పోటీపరీక్షలకు చదివే యువకులతో నిండి ఉంటాయని ఎరుగనివారు లేరు. గ్రంథాలయం మెట్లమీద పరిచయమైన ఒక యువకుడు లోహశాస్త్రంలో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం రాక గ్రూప్స్‌కు తయారవుతున్నవాడు. ఊరు నిజామాబాద్ ప్రాంతమే. పెద్దాయన విచారమంతా విని అతడు నవ్వి, "సార్, ఆ గీతలు ఎక్కడికీ పోలేదు. లోపలి దాకా ఉంటయ్. పైన కనిపిస్తలేవు, అంతే" అన్నాడు.

ఈ మాట విన్నప్పుడు ఆయనకు ఏ ఉపనిషద్వాక్యం స్ఫురించినదో పాఠకులు ఊహించగలరు. కాని ఆయన ఆ సమయంలో అడిగినది వేరు. "మరి ఆ అక్షరాలు బాబూ?" యువకుడు కొంతసేపు ఆగి, "అవి పైన అద్దినవి గద సార్" అన్నాడు.

కోఠిలో ఎలక్ట్రానిక్ సామానులు అమ్మే అంగడిలో ఫెర్రిక్ క్లోరైడు కొన్నారు. దానిని నీటితో బాగుగా పలుచన చేసి, వంటింటి వెనుక, చేతికి తొడుగులు వేసుకొని, దూదితో అలుగుమీద తుడిచారు. క్షణాలలో బూడిదరంగు కమ్ముకొన్నది. కడిగి, వంటసోడా రాచి, మళ్లీ కడిగి, నూనె పూసి వెలుతురుకు పట్టి చూస్తే, మొన నుండి పిడి వరకు అలలు. పిడి దగ్గర అక్షరాలున్న చోట కూడా అలలే. చూడవచ్చిన భార్య చాలాసేపు మాట్లాడలేదు. పిమ్మట "ముగ్గులాగా ఉన్నదండీ" అన్నది. ఆ పెట్టెలోని వస్తువును గూర్చి ఆమె పలికిన మొదటి మంచిమాట అది.

నామరూపాలు నశించి సత్తు మిగిలినదని ఇక్కడ వ్యాఖ్యానించుట సులభం. ఆయన అట్లు వ్యాఖ్యానించుకొనలేదు. ఎవరిదో ఒక పేరు తన ఆతురతవలన లోకంలోనుండి తుడిచివేయబడినది. వేదాంతం చెప్పుకొని ఆ బాధను దాటవేయుట ఆయనకు ఇష్టం లేదు. ఇది గౌరవింపదగిన నిజాయితీ. నామం మిథ్య అని చెప్పుటకు అధికారం తన నామాన్ని విడిచినవానికే గాని, ఇతరుల నామాన్ని చెరిపినవానికి లేదు.

ఆ సంవత్సరమే అమెరికా నుండి కుమార్తె, మూడవ ఏడు నడుస్తున్న కుమారునికి చౌలం చేయించుటకు వచ్చినది. పెట్టెను చూచి భయపడి, "నాన్నా, పిల్లవాడు తిరిగే ఇంట్లో ఇవన్నీ ఏమిటి? ఇవి ఉంటే మేము హోటలులో దిగుతాము" అన్నది. ఆమె భయం అన్యాయమైనది కాదు. పెట్టెకు తాళం వేసి పైయరలో పెట్టారు, అయినా ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రించలేదు.

మరునాడు చౌలకర్మలో పురోహితులు ప్రతి మంత్రానికి ముందు తాత్పర్యం చెబుతూ నడిపించారు. ఆ కర్మలో శిశువు శిరస్సుపై దర్భ నుంచి, ఆ ఓషధిని కాపాడుమని ప్రార్థించి, పిదప క్షురకత్తినే సంబోధించి, ఈ పిల్లవానిని హింసింపవద్దని వేడుకొంటారు. కత్తిని పట్టిన మనిషిని కాదు, కత్తిని. వైదికులు ఇనుముతో ఎంత జాగ్రత్తగా ప్రవర్తించారో దీనివలన తెలుస్తుంది. దర్శపూర్ణమాసేష్టిలో వేదిమీద గీతలు గీయు స్ఫ్యం ఖడ్గాకారంలో ఉన్నా చండ్రకర్రతో చేసినదే. బర్హిస్సు కోయుటకు గుర్రపు పక్కటెముకను విధించిన శాఖ కూడా కలదు. తాతగారు ఆ తాత్పర్యం వింటూ తన పైయరవైపు చూచారు. తన వద్ద ఉన్న 23 కత్తులలో ఒక్కదానినైనా ఎవరైనా ఎన్నడైనా అట్లు వేడుకొని ఉంటారా అని ఆలోచించినట్లు తరువాత భార్యతో చెప్పారు.

పతంజలి యోగసూత్రాలలో అపరిగ్రహమునకు చెప్పిన ఫలం విచిత్రమైనది. అపరిగ్రహంలో స్థిరపడినవానికి జన్మవృత్తాంతం తెలియునట. ఈ పెద్దాయన ప్రతి కత్తి జన్మవృత్తాంతం తెలుసుకొనుటకే దానిని పరిగ్రహించారు. ఏ కొలిమిలో పుట్టినది, ఏ నడుమున వ్రేలాడినది, ఎవరి చేతిలో అరిగినది అని. 20 సంవత్సరాలు ఇంట ఉంచుకొని కూడా ఒక్కదాని కథా పూర్తిగా తెలియలేదు. ఒకదాని కథనైతే తానే చెరిపివేశారు.

ఆ వారం పెట్టె దిగినది. అల్లుడు ఒక జంబియాను తనతో తీసుకొనిపోతానన్నాడు. 100 సంవత్సరాలు దాటిన పురావస్తువులను వ్యక్తులు దేశం దాటించరాదని 1972 నాటి చట్టం చెబుతున్నందున, అది అట్టిది కాదని తేలేవరకు కుదరదన్నారు. వ్యవసాయపు కత్తులు పల్లెలోని బంధువులకు, గీతకత్తి ఆ వృత్తి ఎరిగిన కుటుంబానికి, బాకులు తనవలెనే వీటిని ప్రేమించే మరొక సంగ్రాహకునికి చేరవలెనని నిశ్చయమైనది. కత్తిపీట ఉండిపోతుంది. ముగ్గువంటి గీతల బాకును గూర్చి ఆయన ఏమీ అనకముందే భార్య "అది ఉండనివ్వండి" అన్నది.

నూనెగుడ్డతో ఒక్కొక్కదానిని తుడిచి చుట్టుతూ ఉంటే, గుండు చేయించుకొన్న మనుమడు తల్లి ఒడిలో, దూరంగా కూర్చొని చూస్తున్నాడు. తాతగారు ఎత్తి చూపించి "ఇది జంబియా" అన్నారు. వాడు "కత్తి" అన్నాడు. "ఇది పేష్‌కబ్జ్." "కత్తి." "కాదు నాన్నా, ఖంజర్ ఇది, చూడు, రెండు వంపులు." వాడు రెండు వంపులనూ శ్రద్ధగా చూచి, మళ్లీ "కత్తి" అన్నాడు. తాతగారు నాలుగవదానిని ఎత్తి, పేరు చెప్పకుండా వానికి చూపించి, గుడ్డలో చుట్టారు.