ఎండిన మరక

చేసిన తప్పును నలుగురియెదుట చెప్పుకొన్నచో సగము భారము దిగునందురు. కావున నాతప్పును మీయెదుట చెప్పుకొనుచున్నాను.

గత జ్యేష్ఠమాసమున బంధువుల యింట వివాహమునకై అమలాపురము పోయితిమి. మావారు బడిపంతులు. మామరిది యప్పుచేసి క్రొత్తగా కొన్న ముదురునీలపు కారులో మమ్మందరను తీసికొనిపోయెను. ఏలూరునకు తిరిగివచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. పగలు తొలకరి జల్లు పడియుండుటచే రావులపాలెము దాటినది మొదలు ఉసిళ్లును రెక్కపురుగులును దీపముల వెలుగునకు మూగి, బండికి కొట్టుకొని చచ్చినవి. శలభములు జ్వాలలో పడుటను గీతయందు పదునొకండవ యధ్యాయమున చదివితిని గాని, కన్నులార చూచుట యానాడే. జర్మనీదేశమున 63 రక్షితప్రదేశములలో 1989 మొదలు 2016 వరకు పరిశీలించి, ఎగురు పురుగుల తూకము నూటికి 75 వంతులకు పైగా తగ్గినదని 2017లో పండితులు ప్రకటించిరనియు, మనదారిలో నివి మిగిలియున్నందుకు సంతసింపవలెననియు మావారు చెప్పిరి.

మామరిదియు మేమును ఒక్కయింటనే కాపురముందుము. మరునాటి మధ్యాహ్నము అందరును నిద్రించుచుండగా, కారు కడిగి వారికి సాయపడుద మనుకొంటిని. ముందుభాగమంతయు పురుగులు పొక్కులవలె నెండి అంటుకొనియుండెను. అంట్లు తోము పీచు తెచ్చి, నాలుగు నీళ్లు చిలుకరించి, బలముకొలది రుద్దితిని. పురుగులు పోయినవి. వానితో రంగునందలి నిగనిగయు పోయి, గీతలు తేలినవి. నాగుండె గుభేలుమన్నది.

తోడికోడలు వచ్చి చూచినది. ఒక్కమాటయైన ననలేదు. తప్పయినదని యప్పుడే చెప్పవలసినదానను. "మంచికి పోతే చెడు ఎదురైనది" అని గొణిగి లోనికి పోయితిని. నాలుగుదినములు మాయిద్దరినడుమ మాటలు లేవు.

మెరుగు పెట్టించుటకు మావారు తమ జీతములోనుండి సొమ్మిచ్చిరి. మరిదివెంట నేనును పోయితిని. అచ్చటి పనివాడు నాకిట్లు బోధించెను: "చచ్చిన పురుగు రసము ఎండకు గట్టిపడి జిగురువలె పట్టుకొనును. చాలకాల ముంచినచో రంగుమీది పారదర్శకపు పూతను తినివేయును. ఆపూత సామాన్యముగా తలవెండ్రుక మందమునకు మించదు. కావున ఆలసింపరాదు, గోకరాదు. బండిని నీడన నిలిపి, రేకు చల్లారిన పిమ్మట, తడిపిన మెత్తని గుడ్డను మరకలపై పరచి 10, 15 నిమిషములుంచవలెను. నడుమ గుడ్డ నారనీయరాదు. పిదప కారు షాంపూ కలిపిన నీట మైక్రోఫైబరు గుడ్డను ముంచి తేలికగా తుడిచిన నవి యూడివచ్చును. రానిదానిని మరల నానవేయవలెను. రెక్కలును ఇసుకయు గీతలు పెట్టకుండ గుడ్డను మాటిమాటికి జాడింపవలెను. అద్దముపై నున్నవానిని పొడివైపరుతో తుడిచిన, అలుకుకొనిపోయి దారి కనబడదు. అంట్లసబ్బు మైనపు పూతను పోగొట్టును. కడిగి ఆరిన తరువాత మైనము పూసినచో మరుసటిసారి పురుగులు సులువుగా వదలును."

వినుచుండగా నాకు సిగ్గు కలిగినది. అడుగంటిన అన్నపుగిన్నెను నానవేయక ఏనాడైన తోమితినా? వంటయింట నిత్యము చేయుపని వాకిటిలో మరచితిని.

ఇంటికి వచ్చినతోడనే తోడికోడలికడకు పోయి "తప్పు నాది, చెల్లీ" అంటిని. ఆమె కొంతసేపు కూర తరుగుచునేయుండి, "అక్కయ్యా, గీతలకు కాదు నాకు కష్టము తోచినది. ఈమాట యానాడే అనియుండిన బాగుండెడిది" అనినది. పిమ్మట తరిగిన ముక్కలపళ్లెము నావైపు జరిపినది. నేను పొయ్యి వెలిగించితిని.

గీతలు చాలవరకు మెరుగుతో పోయినవి. లోతైనవి రెండు నేటికిని కలవు. వానిని చూచినప్పుడెల్ల నాకు తోచునది మీకును చెప్పుచున్నాను: బండిమీది మరకనైనను మనసులోని మాటనైనను ఎండనీయకుడు.