ఈత నేర్చిన పిల్లలు - భుజముల నొప్పి

ఆడపిల్లకు భుజము నొచ్చినదనగానే ఈత మాన్పింపుమని చెప్పువారు మన యిండ్లలో పెక్కుమంది కలరు. 1959వ సంవత్సరమున వంగదేశపు ఆరతీ సాహా ఇంగ్లీషు ఛానలును 16 గంటల 20 నిమిషములలో నీది, అట్లీదిన ఆసియా స్త్రీలలో ప్రథమురాలయ్యెను. అంతటి విద్యను నొప్పికి వెఱచి విడువనేల? మా పెద్దమ్మాయి విషయమున మాకీ ప్రశ్న యెదురైనందున, మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా బాలికకు పదునాలుగేండ్లు. చేయి తలపై కెత్తినంతనే కుడిభుజమున సలుపు పుట్టి, జడ వేసికొనుటయే కష్టమాయెను. “పెండ్లి కావలసిన పిల్ల, ఇక చాలింపు మమ్మా” అని మా అత్తగారనిరి. పిల్ల మాటాడక కన్నీరు పెట్టుకొనెను.

ఫిజియోథెరపిస్టు ఆమెచే చేతులు మెల్లగా పలుమాఱులెత్తించి దింపించి, వెనుకనుండి పరీక్షించెను. దింపునపుడు కుడి రెక్కయెముక లోపలి యంచు వీపునుండి పైకి లేచుచుండెను. నొప్పి భుజమున నున్నను, లోపము దాని పీఠమున నున్నదని యప్పుడు తెలిసినది.

రెక్కయెముకను ప్రక్కటెముకలపై నిలుపునవి ముఖ్యముగా కండరములే. చేయి 180 డిగ్రీలు పైకి లేచుటలో సుమారు 60 డిగ్రీలు ఈ యెముక తిరుగుటవలన కలుగును. ఈతలో చేతులు వేలకొలది మాఱులు తిరుగగా, ఱొమ్ము కండరములు బిగిసి, వీపు కండరములు అలసిపోవును. అంతట రెక్కయెముక ముందునకు వ్రాలును. భుజములోని స్నాయువులకు ఒరపిడి కలుగవచ్చును. 1974లో కెనెడీ, హాకిన్సు అను వైద్యులు ఇట్టి నొప్పిని ‘ఈతగాండ్ర భుజము’ అను పేర వర్ణించిరి.

మా బాలికకు చెప్పిన వ్యాయామములివి. గోడపై అరచేతులుంచి, మోచేతులు వంచి, మరల గోడను నెట్టవలెను. చేతులు చాచిన పిదప రెక్కయెముకలు దూరమగునట్లు ఇంకను కొంచెము నెట్టవలెను. కిటికీ ఊచకు రబ్బరుపట్టీ కట్టి, మోచేతులు వెనుకకు లాగుచు రెక్కయెముకలను దగ్గఱకు చేర్పవలెను. బోరగిల పరుండి, చేతులు తలకిరుప్రక్కల ఏటవాలుగా చాచి, బొటనవ్రేళ్లు పైకుండునట్లు స్వల్పముగా నెత్తవలెను. ద్వారబంధమునకు ముంజేయి ఆనించి ముందునకు వంగి ఱొమ్మును సాగదీయవలెను. మొదటి మూడును పదేసి మాఱులు, మూడు విడతలుగా, తొందరలేక చేయవలెను.

ఈత పూర్తిగా మాన్పలేదు. దూరము తగ్గించి, చేతులు ప్రక్కల నుంచుకొని కాళ్లతో నీదించిరి. పలకను ముందుకు చాచి పట్టుకొనిన భుజమునకు శ్రమ యగునట. ఊపిరికై ఒకే వైపు గాక ఇరువైపుల తల త్రిప్పుటయు నేర్పిరి.

మూడు మాసములకు నొప్పి తగ్గినది. చాలింపుమన్న మా అత్తగారే యిప్పుడు మనుమరాలి యెదుట కూర్చుండి లెక్క పెట్టుచున్నారు.

చేయి తిమ్మిరెక్కినను, రాత్రులు నొప్పి నిదుర చెఱచినను, కీలు తొలగినట్లు తోచినను ముందుగా వైద్యునికి చూపవలెను. నొప్పి పోయినదని పిల్లలు వ్యాయామమును మానుదురు. తల్లులు దానిని సాగింపజేయవలయును.