ఎక్కినవారివే మైళ్లు!

యర్రగొండపాలెం బస్టాండులో వయసు మళ్లిన దంపతులు రెండు పెద్ద సూట్‌కేసులతో కనిపిస్తే ‘ఏ ఊరు?’ అని ఎవరూ అడగరు. ‘అమ్మాయి దగ్గరికా, అబ్బాయి దగ్గరికా?’ అంటారు. వాటిలో ఏముందో కూడా చెప్పనక్కర్లేదు. కారప్పొడి, ఆవకాయ, కందిపప్పు... ఇంట్లోనే తూకం వేసి, ఇరవైమూడు కిలోలు దాటకుండా తీసీ, పెట్టీ, మళ్లీ తీసీ సర్దినవి. ఇంత లెక్కగా బయల్దేరేవాళ్లు ఒక్క లెక్క మాత్రం మర్చిపోతుంటారు. అది ఎయిర్‌మైళ్ల లెక్క.

అసలు వైపాలెం నుంచి విమానం దాకా చేరడమే ఓ ప్రయాణం. నల్లమల అంచున ఉన్న ఈ ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి వెళ్లాల్సిందే. అమెరికా ప్రయాణమైతే ఎక్కువమందికి శంషాబాదే దిక్కు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్‌ దారి కంటికి ఇంపుగా ఉంటుంది కానీ అది పులుల అభయారణ్యం. రాత్రిపూట వాహనాలను వదలరు. తెల్లవారుజామున విమానం ఉందంటే సాయంత్రమే మాచర్ల, సాగర్‌ దారి పట్టాలి.

ఆ తర్వాతే అసలు దూరం మొదలయ్యేది. హైదరాబాద్‌ నుంచి దుబాయ్‌ సుమారు 1,600 మైళ్లు. అక్కణ్నుంచి, తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే డాలస్‌కి మరో 8,000. పోనూ రానూ మనిషికి 19 వేల పైమాటే. కాన్పుకి ఒకసారి, మనవడి అక్షరాభ్యాసానికి మరోసారి, అబ్బాయి ఇల్లు కొన్నప్పుడు ఇంకోసారి... ఇన్నిసార్లు వెళ్లొచ్చినా సభ్యత్వ నంబరు లేకపోతే ఒక్క మైలూ జమ కాదు.

‘టికెట్టు కొన్నది అబ్బాయే కదా, వాడికే వస్తాయిలే’ అనుకుంటారు పెద్దలు. రావు! క్రెడిట్‌కార్డు వాడినందుకు అతనికొచ్చే పాయింట్లు వేరు. ప్రయాణానికొచ్చే మైళ్లు మాత్రం సీట్లో కూర్చున్నవారివే. కొడుకు నంబరు తల్లి టికెట్టు మీద వేస్తే, పేరు కలవక పక్కన పడేస్తారు. అంటే ఆ మైళ్లు ఎవరికీ కాకుండా పోతాయి.

ఆర్టీసీ క్యాట్‌ కార్డు ఎరిగినవాళ్లకి ఈ వ్యవహారం కొత్తేం కాదు. ఏడాదికోసారి డబ్బు కట్టి కార్డు తీసుకుంటే టికెట్టులో పదిశాతం తగ్గేది. మన బస్సు వదిలి ప్రైవేటు బస్సు ఎక్కకుండా వేసిన ముడి అది. విమానాలదీ అదే ఎత్తు. అమెరికాలో 1978లో ప్రభుత్వం ఛార్జీల మీద పట్టు వదిలేసింది. దాంతో సంస్థల మధ్య పోటీ మొదలైంది. 1981 మేలో అమెరికన్‌ ఎయిర్‌లైన్స్‌ తన పథకాన్ని తెచ్చింది. రోజుల తేడాలోనే యునైటెడ్‌ కూడా అదే బాట పట్టింది. ఇప్పుడు బ్యాంకులకు మైళ్లు అమ్ముకోవడం కూడా ఈ సంస్థలకు పెద్ద ఆదాయమే. 2020లో కొవిడ్‌తో విమానాలు నేలకు దిగినప్పుడు యునైటెడ్‌ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది.

ఇంటిపేరుతోనే చిక్కు

సభ్యత్వానికి రూపాయి ఖర్చు లేదు. సంస్థ వెబ్‌సైట్లో పేరు, ఈమెయిలు ఇస్తే నంబరు వస్తుంది. కానీ మనవాళ్ల పేర్ల దగ్గరే తంటా. ఇంటిపేరు ముందు, అసలుపేరు వెనక. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఇంకొందరికి పొడి అక్షరాలే. పాస్‌పోర్టులో, టికెట్టులో, సభ్యత్వంలో పేరు ఒకేలా ఉండాలి. బంధువులు పిలిచే పేరు రాస్తే కుదరదు.

కిలోమీటర్లు ఎక్కువైతే మైళ్లూ ఎక్కువే అనుకోవడానికీ లేదు. చౌక టికెట్టుకి తక్కువ పడతాయి. కొన్ని సంస్థలు దూరాన్ని వదిలేసి, కట్టిన డబ్బునే లెక్కలోకి తీసుకుంటున్నాయి. ఎయిరిండియా 2024లో ఆ పద్ధతికి మారింది. పాతికేళ్లకు పైగా ‘ఫ్లైయింగ్‌ రిటర్న్స్‌’గా నడిచిన దాని పథకం 2025లో ‘మహారాజా క్లబ్‌’ అయింది.

ఒకసారి దుబాయ్‌ మీదుగా, ఇంకోసారి దోహా మీదుగా, మరోసారి ఢిల్లీ మీదుగా వెళితే మైళ్లు మూడుచోట్ల తలా కాసిని పడి ఉంటాయి, దేనికీ చాలవు. అయితే సంస్థలు జట్లు కట్టుకున్నాయి. ఎయిరిండియా 2014 నుంచి ‘స్టార్‌ అలయెన్స్‌’లో ఉంది కాబట్టి లుఫ్తాన్సా, యునైటెడ్‌ విమానాలెక్కినా దాని ఖాతాలో వేయించుకోవచ్చు. ఖతార్‌ ‘వన్‌వరల్డ్‌’ జట్టు. ఎమిరేట్స్‌ ఏ జట్టులోనూ లేదు. ఎమిరేట్స్‌, ఖతార్‌లలో కుటుంబ ఖాతా ఉంది. అమ్మానాన్నలవీ పిల్లలవీ ఒకచోట కలుపుకోవచ్చు, ఎవరి నంబరు వారికుంటేనే సుమా.

ఇక ఉచిత టికెట్టు పూర్తిగా ఉచితం కాదు. పన్నులు, రుసుములు చేతినుంచి కట్టాలి. వేసవి సెలవుల్లో ఆ సీట్లు దొరకడం కష్టం కూడా. దానికన్నా పై తరగతికి మారడానికి వాడుకోవడం మేలు, టికెట్టు రకం అందుకు ఒప్పుకుంటే! దుబాయ్‌ నుంచి డాలస్‌కి పదహారు గంటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి కాళ్లు చాపుకొని పడుకునే చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

దాచుకుంటూ కూర్చున్నా నష్టమే. ఎమిరేట్స్‌ మైళ్లకు మూడేళ్లే ఆయుష్షు. కింగ్‌ఫిషర్‌ 2012లో ఆగిపోయినప్పుడు దాని మైళ్లూ దాంతోపాటే పోయాయి. 2019లో జెట్‌ ఎయిర్‌వేస్‌ మూతపడితే దాని పథకం మాత్రం ‘ఇంటర్‌మైల్స్‌’గా పేరు మార్చుకుని బతికింది.

నంబరు ఉండి కూడా టికెట్టు మీద వేయించడం మర్చిపోతే, తిరిగొచ్చిన కొద్ది నెలల్లో అడిగి జమ చేయించుకోవచ్చు. దానికి టికెట్టు నంబరు, బోర్డింగ్‌ పాసు కావాలి. సూట్‌కేసు విప్పి చాక్లెట్లు పంచే హడావుడిలో చెత్తబుట్టలోకి వెళ్లేది ముందుగా అదే.