మిగిలిన గంట ఎవరి ఖాతాలోకి?

ఒకప్పుడు మా క్లినిక్‌కి వచ్చేవాళ్లు "నీరసంగా ఉంది డాక్టరు గారూ, ఒక సెలైన్ ఎక్కించండి" అనేవాళ్లు. ఇప్పుడు ఆ నీరసమే పేరు మార్చుకుని వస్తోంది. "ఫోకస్ ఉండట్లేదు సార్." "అన్నీ వాయిదా వేస్తున్నా." "పొద్దున ఐదింటికి లేవలేకపోతున్నా, నాకు డిసిప్లిన్ లేదు." రోగమేమిటో నేను చెప్పకముందే వాళ్లే తీర్పు చెప్పేసుకుంటున్నారు. కూకట్‌పల్లిలో జనరల్ ఫిజీషియన్‌గా కూర్చున్నవాడికి ఇది రోజూ ఉండేదే. ఐటీ ఉద్యోగులు, హాస్టల్ పిల్లలు, పోటీ పరీక్షలవాళ్లు, ఇంట్లో మిషను కుట్టుకునే ఆడవాళ్లు, అందరిదీ ఒకటే ఫిర్యాదు: చేయాల్సినంత చేయలేకపోతున్నాం అని.

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. "బద్ధకం సార్. పుస్తకం తీస్తే పది నిమిషాల్లో నిద్ర. ఫోను పట్టుకుంటే మాత్రం రాదు." ఆ అమ్మాయి ఫోనులో ఉన్నవన్నీ వాయిదా వేసే అలవాటు ఎలా మానుకోవాలో చెప్పే వీడియోలే. గోడకి టైంటేబుల్ అంటించిందట, ఐదింటికి అలారం పెట్టుకుందట, ఫోనుని వేరే గదిలో పెట్టి చూసిందట. నేను కింది కనురెప్ప లాగి చూశాను. ఎరుపు లేదు, పాలిపోయి ఉంది. "బియ్యం గానీ బలపాలు గానీ నములుతావామ్మా?" అనడిగితే తల్లి వైపు ఒకసారి చూసి, "ఫ్రిజ్‌లో ఐసు" అంది. హిమోగ్లోబిన్ ఏడున్నర కూడా లేదు. హాస్టల్లో టిఫిన్ మానేసి టీ తాగడం, నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం, ఈ రెండింటి గురించీ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు. ఐరన్ మాత్రలు రాసి, వాటి దగ్గరదాపుల్లో టీ తాగొద్దన్నాను, నెలసరి సంగతి చూడమని గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. రెండు నెలలకు మధ్యాహ్నం దాకా కూర్చుని చదవగలుగుతోంది. గోడమీది టైంటేబుల్ మారలేదు, అలారం మాత్రం ఆరున్నరకు జరిగింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సమయాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకాలు ఈ లెక్కకు ఒక్క పేజీ కేటాయించినట్టు నేను చూడలేదు. ఇనుము ఒక్కటే కాదు. థైరాయిడ్ మందగించినా, బీ12 తగ్గినా, రాత్రి గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి నిద్ర చెదిరినా, డిప్రెషన్ పట్టుకున్నా పైకి కనిపించేది ఒకటే. పని సాగదు, ఇంట్లోవాళ్లు దానికి బద్ధకం అని పేరు పెడతారు.

అలాగని ఈ పద్ధతులన్నీ ఉత్తవని నేననను. ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు తనకు మతిమరుపు జబ్బు మొదలైందేమోనని భయపడుతూ వచ్చారు. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, హాజరు యాప్, టీచర్ల సెలవులు, ఇంట్లో మామగారి మందులు, కొడుకు ఫీజు గడువు, అన్నీ తలలోనే పెట్టుకుని తిరుగుతున్నారు. జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే ఏ లోపమూ లేదు. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లోనే రాసింది, ముగించిన పనికంటే మధ్యలో ఆగిన పనే మనసులో ఎక్కువగా మెదులుతుందని. తర్వాతి పరిశోధనల్లో అది అన్నిసార్లూ నిలబడలేదు గానీ, నా ఓపీలో మాత్రం తరచూ కనిపిస్తుంది. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కుని, రాత్రి భోజనమయ్యాక మర్నాటి పనులన్నీ అందులో దించి పడుకోమన్నాను. డేవిడ్ అలెన్ అనే అమెరికన్ 2001లో ఒక పుస్తకం రాసి ప్రపంచమంతా అమ్మిన సలహాలో ముఖ్యమైన భాగం ఇదే. ఆవిడ నవ్వి, "ఇది మా నాన్నగారి చిట్టా పుస్తకమే కదండీ" అన్నారు. అవును, అదే. నిద్ర కుదుటపడింది, మతిమరుపు గురించి మళ్లీ అడగలేదు.

నాకు చిక్కు వచ్చేది ఇలాంటివాళ్లతో కాదు, పద్ధతులన్నీ చక్కగా పనిచేస్తున్నవాళ్లతో.

ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు తలనొప్పని వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లు, బీపీ 156/102. కుర్చీలో కూర్చుంటూనే ఫోనులో ఎర్రటి టమాటా బొమ్మ ఉన్న యాప్ ఆపాడు. ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని కనిపెట్టిన పద్ధతి అది: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. మంచి పద్ధతే, పరీక్షల పిల్లలకు నేనూ చెబుతుంటాను. ఈ కుర్రాడు అక్కడితో ఆగలేదు. రోజంతా ఒక షీట్‌లో రంగులు వేసి పెట్టుకున్నాడు. ఆఫీసుకి నీలం, అమెరికా కాల్స్‌కి నారింజ, జిమ్‌కి పసుపు. "పాపతో, 20 నిమిషాలు" అని ఒక ఆకుపచ్చ గడి. పన్నెండుంపావు నుంచి ఐదున్నర దాకా బూడిద రంగు, అది నిద్ర. అతను వచ్చింది తలనొప్పికే అయినా అడగదలచుకున్నది వేరే. నార్కొలెప్సీ రోగులు మెలకువగా ఉండటానికి వాడే ఒక మాత్ర పేరు చెప్పి, "టీమ్‌లో ఇద్దరు ముగ్గురు వాడుతున్నారు సార్, నాక్కూడా రాస్తారా?" అన్నాడు.

రాయనన్నాను. "ఈ షీట్ మొదలుపెట్టాక నీకు రోజుకి ఎంత మిగిలింది?" అనడిగాను.

"గంటన్నర దాకా సార్."

"ఆ గంటన్నరలో ఏం చేస్తున్నావు?"

కాసేపు ఆలోచించి, "ఇంకో టికెట్ తీసుకుంటున్నా" అన్నాడు. ఐటీవాళ్ల పరిభాషలో టికెట్ అంటే ఇంకో పని.

చురుకైనవాడి బల్లమీదికే ఇంకో ఫైలు వస్తుందని ప్రతి ఆఫీసులోనూ తెలిసిందే. దీనికి పాత చరిత్రే ఉంది. స్టాప్‌వాచీ పట్టుకుని కూలీల పనిని కొలిచిన ఫ్రెడరిక్ టేలర్ 1911లో వేసిన పుస్తకంలో ఒక ఇనుప దిమ్మెల కూలీ గురించి గర్వంగా రాసుకున్నాడు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడిచేత తన పద్ధతిలో 47 టన్నులు మోయించాడట. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందట. పని నాలుగింతలకు దగ్గరగా వెళ్లింది, కూలి రెండింతలు కూడా కాలేదు. ఆ కథలో అతిశయోక్తి ఉందని చరిత్రకారులు అన్నారు. ఉంటే ఉండనీ, తన లాభం చూపించుకోవడానికి టేలర్ వేసుకున్న లెక్కే అది. పైగా అక్కడ వాచీ పట్టుకుని నిలబడినవాడు వేరే మనిషి. మా కుర్రాడు తన వాచీ తనే పట్టుకున్నాడు, జీతం లేని మేస్త్రీలా.

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అన్నప్పుడు మా వెయిటింగ్ హాల్లో చాలా వాదనలు జరిగాయి. దేశాభివృద్ధి సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. నాకు తెలిసింది 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పిన మాట. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. కుర్రాడికి ఇవే అంకెలు చెప్పాను. టమాటా యాప్ తీసేయమనలేదు. రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ మూయడానికి కూడా అదే మోగేట్టు పెట్టుకోమన్నాను. వారంలో నాలుగు రోజులు పాటిస్తున్నాడు. తలనొప్పి పోయింది. బీపీ తగ్గింది గానీ పూర్తిగా తగ్గలేదు, మాత్ర మొదలుపెట్టక తప్పలేదు. ప్రమోషన్ ఈసారి పక్కసీటు అతనికి వెళ్లిందని చెప్పాడు. దానికి నా దగ్గర మందు లేదు.

మా వృత్తికీ ఈ గాలి సోకింది. నేను సాయంత్రాలు వెళ్లే ఒక ఆసుపత్రిలో ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్‌లోకి మారాక రాత పని సగానికి తగ్గింది. మిగిలిన సమయం నాకో రోగికో దక్కుతుందనుకున్నాను. ఒక్కో రోగికి ఉన్న పదిహేను నిమిషాలను పది చేశారు. నష్టం ఐదు నిమిషాలే కదా అంటారు యాజమాన్యంవాళ్లు. అసలు సంగతి రోగి చెప్పేది ఆ ఆఖరి ఐదు నిమిషాల్లోనే అని ఏ డాక్టరునడిగినా చెబుతాడు. గ్యాస్ ట్రబుల్ అని వచ్చిన ఒక పెద్దాయన మందుల చీటీ జేబులో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లి, "అన్నట్టు సార్, మెట్లెక్కితే ఎడమ చెయ్యి కొంచెం లాగుతోంది, అదీ గ్యాసేనా?" అన్నాడు. మళ్లీ కూర్చోబెట్టాను. బయట ఇద్దరు గడియారం చూసుకుంటూ ఉన్నారు. ఆ వారంలోనే ఆయనకి స్టెంటు పడింది. ఆ సాయంత్రం నా పనితీరు పట్టికలో ఇద్దరు రోగులు తక్కువ.

ఎక్కువ పని చేయడం ఎవరికి గిట్టుబాటు అంటే, చేసిన పనికి తన చేతికే డబ్బు వచ్చేవాళ్లకు. మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆమె అలాంటి మనిషి. కాలి మిషను తీసేసి మోటారు మిషను కొనుక్కుంది. ఆమె పద్ధతులు ఏ యాప్‌లోనూ దొరకవు. లైనింగ్ గుడ్డలన్నీ ముందు రోజు రాత్రే తడిపి ఆరేస్తుంది. పొద్దున వరసగా కటింగులు. తర్వాత రంగుల వారీగా దొంతరలు పెడుతుంది, ఒక దారం ఎక్కించాక ఆ రంగు జాకెట్లన్నీ అయ్యేదాకా దారం మార్చదు. హుక్కులు, కాజాలు సాయంత్రం టీవీ ముందు. పిల్లల ఫీజులు ఇందులోనే వెళ్తున్నాయి. పని పెంచుకోవద్దని ఆమెకు చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

కానీ మాఘమాసం పెళ్లిళ్లలో ఆమెకు మూత్రంలో మంట, చలిజ్వరం, మళ్లీ మళ్లీ. "నీళ్లు తాగుతున్నావా అమ్మా?" అంటే, "తాగితే లేవాలె గద సార్. లేస్తే మిషను ఆగుతది" అంది. యాంటీబయాటిక్ రాశాను. ప్రతి రంగు దారం మార్చినప్పుడల్లా ఒక గ్లాసు నీళ్లు తాగాలని, ఆపుకోకుండా లేవాలని చెప్పాను. ఆ మాట మాత్రం వెంటనే బుర్రకెక్కింది, తన లెక్కలో ఇమిడే మాట కాబట్టి.

వైశాఖం సీజనులో మళ్లీ వస్తుందనుకున్నాను, రాలేదు. ఆషాఢంలో కళ్లు లాగుతున్నాయని వచ్చింది. మంట మళ్లీ రాలేదట. నీళ్లతోపాటు తనే ఇంకో పని కూడా చేసింది: జాకెట్‌కి యాభై రూపాయలు పెంచింది, అర్జంటు అయితే వంద. "గిరాకీ పోలేదా?" అనడిగాను. "ఇద్దరు ముగ్గురు పోయిండ్రు. వాళ్లు ఎట్లయినా బాకీ పెట్టేటోళ్లే సార్" అంది. నలభై దాటింది కదా, చత్వారం. కళ్ల డాక్టరుకి చీటీ రాసిచ్చాను.