గుమ్మం నుంచి స్టాపు దాకా

హైదరాబాదులో ఎవరినైనా ఆఫీసుకు ఎలా వెళ్తారని అడగండి. ‘బండి మీద’ అనో, ‘మెట్రోలో’ అనో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఎందుకని అడిగితే మాత్రం జవాబు అంత త్వరగా తెమలదు. పాపను స్కూల్లో దింపాలి, వచ్చేటప్పుడు కూరలు తేవాలి, అమ్మకు మందులు కొనాలి, రాత్రి పది దాటితే మా కాలనీలోకి ఆటోవాళ్ళు రానంటారు... ఆ జవాబులో ఒక కుటుంబం బతుకంతా ఉంటుంది. అందుకే బండి మీద వెళ్ళేవాళ్ళను బాధ్యత లేనివాళ్ళనీ, బస్సెక్కేవాళ్ళను గతిలేనివాళ్ళనీ అనుకోవడం నాకు నచ్చదు.

డబ్బు లెక్కే చూద్దాం. ఇక్కడ లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటి చాలా కాలమైంది. అయినా లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద 12 కిలోమీటర్లు వెళ్ళి వస్తే సుమారు 50 రూపాయలతో పోతుంది. రానూపోనూ మెట్రో టికెట్టు, షేర్ ఆటో కలిపితే అంతకు మించుతుంది. కిస్తీ, ఇన్సూరెన్సు, సర్వీసింగు ఈ లెక్కలోకి రావు. అవి ఎలాగూ కట్టేవే. బండి ఇంటికొచ్చాక బస్సుకు పెట్టే ప్రతి రూపాయీ దండగలా కనిపిస్తుంది.

అలాగని చవకైతే చాలనీ కాదు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు టికెట్టు ఇప్పటికీ ఐదు రూపాయల నుంచే ఉంది. కానీ ఒక రైలు తప్పితే మరోదాని కోసం ఎంతసేపు నిలబడాలో తెలియనప్పుడు, టైముకు చేరాల్సినవాళ్ళు దాన్ని నమ్ముకోలేరు. మెట్రో గెలిచింది ఆ నమ్మకం దగ్గరే. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లయింది. అమీర్‌పేటలో ఎక్కితే హైటెక్ సిటీ ఎప్పటికి చేరతామో ముందే చెప్పవచ్చు. కింద రోడ్డంతా జామయినా పైన ఆ లెక్క పెద్దగా మారదు.

అయితే మెట్రో స్టేషన్ నుంచి స్టేషన్‌కే తీసుకెళ్తుంది. మనిషి వెళ్ళాల్సింది గుమ్మం నుంచి గుమ్మానికి. ఏ వాహనం ఎక్కాలన్నది ఆ మిగిలిన అర కిలోమీటరులోనే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. నాలుగడుగుల తర్వాత వరసగా నిలిపిన బైకులు, ఆ తర్వాత పలక విరిగిన కాలువ. రోడ్డు దాటాలంటే వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి పరుగెత్తాలి. బజ్జీల బండి మీద మాత్రం నాకు కోపం లేదు. అది ఉన్నచోట వెలుతురుంటుంది, నలుగురు మనుషులుంటారు, ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. మిగతావాటికి భయపడ్డ రోజున బండి తాళం చేతిలోకి వస్తుంది. ఇల్లు బండి మీద దాటాక ఇక ఏ స్టేషన్ దగ్గరా ఆగబుద్ధి కాదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఒకే బండి ఉన్న ఇంట్లో అది ఎక్కువగా మగవాడి చేతికే పోతుంది. ఛార్జీకి వెనకాడి రెండు స్టాపులు నడిచే ఇల్లాలు ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి బస్సెక్కుతోంది. ఇది నాకెంతో సంతోషం. కానీ రాత్రి తాను పనిచేసే బట్టల షాపు కట్టేశాక, స్టాపు నుంచి ఇంటిదాకా వీధి దీపాలు వెలగకపోతే ఆమె ఆటో పిలవాల్సిందే. బస్సులో మిగిలిన డబ్బు ఆ నాలుగు వీధులకే ఖర్చవుతుంది.

సైకిలు సంగతీ అంతే. పేపరు వేసే కుర్రాళ్ళు, వాచ్‌మన్లు ఇప్పటికీ సైకిలు మీదే లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ వెళ్తున్నారు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మంచి పని. ఆదివారం పొద్దున అక్కడ తొక్కేవాళ్ళ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. పనికి పోయే సైకిలు దారి మాత్రం అటు లేదు. అది ఊరి నడిబొడ్డునుంచి, మార్కెట్ల ముందునుంచి పోతుంది. నీడా రక్షణా అక్కడ కావాలి.

చేయాలనుకుంటే కాని పని కాదు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్ వల్ల ఎటువైపు నుంచి వచ్చినా కింద బండ్ల మధ్య పడకుండా మెట్రోకు చేరవచ్చు. ప్రతి కూడలికీ అంత పెద్ద కట్టడం అక్కర్లేదు. కాలనీ మలుపు నుంచి స్టాపు దాకా అడ్డంకులు లేని కాలిబాట, వెలిగే దీపం, రోడ్డు దాటడానికి కాసేపు ఆగే సిగ్నలు చాలు. డ్యూటీ దిగిన నర్సు, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన భయం లేకుండా నడవగలిగిన దారిలో మిగతా అందరూ నడుస్తారు. నడవగలిగినవాళ్ళు బస్సూ ఎక్కుతారు, మెట్రో కూడా ఎక్కుతారు. జనానికి నీతులు చెప్పే ముందు ప్రభుత్వాలు ఆ దారి వేయాలి. కార్పొరేటర్ ఓటడగడానికి మన వీధికి వచ్చినప్పుడు, చీకటి పడ్డాక మనతోపాటు బస్‌స్టాపు దాకా ఒకసారి నడవమని అడుగుదాం.